వజ్రపు వన్నె: ఒక్క అక్షరం విలువ ఎంత?

పెళ్లిళ్ల నెలలు దగ్గరపడితే మన ఇళ్లలో నగల మాట తప్పక వస్తుంది. గత సంచికలో బంగారం మీది హాల్‌మార్కు ముద్రను ఎలా చదవాలో చెప్పుకున్నాము. అది చదివిన పలువురు సోదరీమణులు మమ్మల్ని అడిగిన ప్రశ్న దాదాపు ఒకటే: "వజ్రం 'ఈఎఫ్' రంగు అని దుకాణంలో చెబుతున్నారు. మా కంటికి అన్ని రాళ్లూ తెల్లగానే కనిపిస్తున్నాయి. ఈ అక్షరాల కోసం అంత ఎక్కువ ధర ఎందుకు చెల్లించాలి?"

ఇది న్యాయమైన ప్రశ్న. దీని వెనుక ఉన్నది అలంకారం ఒక్కటే కాదు. ఈ మధ్య కొన్ని కుటుంబాలలో మహర్‌లో భాగంగా వజ్రపుటుంగరాన్ని రాయించే అలవాటు మొదలయింది. మహర్ వధువు హక్కు. స్త్రీలకు వారి మహర్‌ను మనస్ఫూర్తిగా చెల్లించమని దివ్య ఖుర్ఆన్ నాలుగవ సూరా ఆదేశిస్తున్నది. ఆ హక్కు విలువ ఒక అక్షరం మీద ఆధారపడి ఉన్నప్పుడు, దాని అర్థం తెలియకుండా నికాహ్ పత్రం మీద సంతకం చేయడం ఉభయ పక్షాలకూ క్షేమం కాదు.

తెలుగులో బంగారం స్వచ్ఛతను పూర్వం వన్నెలతో చెప్పేవారు. పదహారు వన్నెల బంగారం అంటే మేలిమి. వన్నె అంటే రంగే. బంగారంలో రంగు నిండుగా ఉంటే మేలు. వజ్రం విషయంలో లెక్క తలక్రిందులవుతుంది. సాధారణంగా అమ్మకానికి వచ్చే తెల్ల వజ్రంలో రంగు ఎంత తక్కువగా ఉంటే ధర అంత ఎక్కువ. కాబట్టి దుకాణదారు చెప్పే అక్షరం రాయిలో ఉన్న గుణానికి కాక, లేని పసుపుకు పెట్టిన పేరు అనుకోవచ్చు.

నాలుగవ అక్షరం నుంచి ఎందుకు?

ఈ కొలమానం ఆంగ్ల వర్ణమాలలోని 'డి' అక్షరంతో మొదలై 'జెడ్'తో ముగుస్తుంది. మొత్తం 23 మెట్లు. డి, ఇ, ఎఫ్ మెట్లలోని రాళ్లను వర్ణరహితమని అంటారు. జి నుంచి జె వరకు దాదాపు వర్ణరహితం. కె, ఎల్, ఎం మెట్లలో లేత ఛాయ తెలుస్తుంది. ఎన్ నుంచి ఆర్ వరకు, ఎస్ నుంచి జెడ్ వరకు పసుపో గోధుమ ఛాయో క్రమంగా పెరుగుతుంది.

మరి ఎ, బి, సి ఏమయ్యాయి? అమెరికాలో రాబర్ట్ షిప్లీ 1931లో స్థాపించిన జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా అనే సంస్థ, అంటే జీఐఏ, 1950ల మొదటి సంవత్సరాలలో ఈ పద్ధతిని రూపొందించింది. అంతకుముందు బజారులో ఎవరి కొలత వారిదే. ఒకరు 'ఎ' అంటే మరొకరు 'డబుల్ ఎ' అనేవారు. ఇంకొకరు అంకెలు వాడేవారు. కొందరు గనుల పేర్లు, ప్రాంతాల పేర్లు చెప్పేవారు. దక్షిణాఫ్రికా గనుల నుంచి పసుపు ఛాయ గల రాళ్లు విస్తారంగా వచ్చినందువల్ల అలాంటి వాటికి 'కేప్' అనే పేరు స్థిరపడింది. ఒక దుకాణంలో 'ఎ' అనిపించుకున్న రాయి పక్క దుకాణంలో 'బి' కావచ్చు. ఈ పాత అలవాట్లతో కొత్త కొలత కలిసిపోకూడదన్న ఉద్దేశంతో, అప్పటికి బజారులో వాడుకలో లేని 'డి' అక్షరం నుంచి లెక్క ప్రారంభించారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. యూరప్‌లోని కొన్ని ప్రయోగశాలలు అక్షరాలతో పాటు మాటలు కూడా వాడుతాయి. ఆ మాటలలో కేవలం 'తెలుపు' అనేది హెచ్ మెట్టుకు పెట్టిన పేరు. అంటే పైనుంచి అయిదవ మెట్టు. కనుక "ఇది తెల్ల వజ్రమండీ" అన్న మాట కొనేవారికి ఏమీ చెప్పదు. అక్షరం అడగవలసిందే.

పసుపు ఎక్కడి నుంచి వచ్చింది?

వజ్రం అంటే కర్బనం. భూగర్భంలో చాలా లోతున, గొప్ప వేడిమిలో, విపరీతమైన ఒత్తిడిలో కర్బన పరమాణువులు బిగుసుకుని ఏర్పడిన స్ఫటికం. ఆ ఏర్పడే వేళ కొన్ని కర్బన పరమాణువుల స్థానంలో నత్రజని పరమాణువులు చేరుతాయి. అవి తెల్లని వెలుగులోని నీలి భాగాన్ని పీల్చుకుంటాయి. మిగిలిన వెలుగు మన కంటికి పసుపుగా తోస్తుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్న వాయువే, పది లక్షల పరమాణువులలో కొన్ని పదులో వందలో చేరి, ఒక రాయి ధరను మార్చివేస్తుంది. సహజ వజ్రాలలో నూటికి తొంభై అయిదింటిలో నత్రజని ఇలా గుంపులు కట్టి ఉంటుంది. కాబట్టి కొద్దిపాటి పసుపు ఛాయ వజ్రానికి పట్టిన రోగం కాదు. అదే అక్కడి సాధారణ స్థితి. ఛాయ లేకపోవడమే అరుదు.

నత్రజని దాదాపు లేని వజ్రాలను శాస్త్రజ్ఞులు 'టైప్ టూ ఎ' అనే తరగతిలో చేర్చారు. మన ప్రాంతానికి సంబంధించిన మాట ఇక్కడే వస్తుంది. గోల్కొండ వజ్రాలుగా లోకానికి తెలిసినవి గోల్కొండ కోటలో దొరికినవి కావు. అవి కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనులలో దొరికి, కుతుబ్‌షాహీల రాజధానిలో అమ్ముడుపోయాయి. కొల్లూరుదని చెప్పుకొనే కోహినూర్ ఆ తరగతికి చెందినదే. నీటిచుక్క వంటి స్వచ్ఛత గల ఆ తరగతి వజ్రాలను వర్తకులు ఈనాటికీ గోల్కొండ పేరుతో పిలుస్తున్నారు.

మరొక విచిత్రం చూడండి. నత్రజనికి బదులు బోరాన్ చేరితే రాయికి నీలిరంగు వస్తుంది. వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారెట్ల హోప్ వజ్రం ఆ నీలి రంగుదే. అదీ మన దేశం నుంచి వెళ్లినదే. జెడ్ మెట్టును దాటిన నిండు పసుపు, నీలం, గులాబీ వజ్రాలకు ఈ అక్షరాలు వర్తించవు. వాటికి వేరే కొలత ఉంది. అక్కడ రంగు పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది. అంటే సృష్టికర్త చేసిన రాయిలో లోపం, గొప్పతనం అన్నవి లేవు. అరుదైనదానికి మనుషులు ధర కట్టుకున్నారు.

రంగును ఎలా చూస్తారు?

పదిహేడవ శతాబ్దంలో దక్కను గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఒక ఆసక్తికరమైన సంగతి రాశాడు. యూరప్ వర్తకులు ముడి వజ్రాన్ని పగటి వెలుగులో పరీక్షిస్తే, ఇక్కడి వారు రాత్రివేళ గోడలోని గూటిలో దీపం పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని చూసేవారట. రాయిలో నీలి ఛాయ దాగి ఉన్నదేమో తేల్చుకోవడానికి ఆకులు దట్టంగా ఉన్న చెట్టు కిందికి తీసుకుపోయి, ఆ పచ్చని నీడలో పరీక్షించేవారట. వెలుగు మారితే రాయి మాట మారుతుందని ఆ వర్తకులకు బాగా తెలుసు.

నేటి ప్రయోగశాలలు చేసేదీ ఆ వెలుగును అదుపులో పెట్టడమే. పగటి వెలుగుకు సమానమైన, స్థిరమైన దీపం కింద, తెల్లని పళ్లెంలో రాయిని బోర్లించి పెడతారు. పై నుంచి చూస్తే సానపట్టిన పలకల తళుకు రంగును కప్పివేస్తుంది. బోర్లించి, ప్రక్క నుంచి చూసినప్పుడే అసలు ఛాయ తెలుస్తుంది. దాని పక్కన ముందే మెట్లు నిర్ణయించిన ప్రమాణ రాళ్లను వరుసగా ఉంచి, ఏ రెండింటి నడుమ ఇది ఇముడుతుందో చూస్తారు. ఒకరు చూసిన దానిని మరొకరు విడిగా చూస్తారు. ఆ పిమ్మటే అక్షరం నిర్ణయిస్తారు.

ఇంత ఏర్పాటు ఎందుకు కావలసి వచ్చింది? డి మెట్టు రాయికి, ఇ మెట్టు రాయికి గల తేడా పక్కపక్కన ప్రమాణ రాళ్లు లేకుండా నిపుణుల కంటికి సైతం అందదు. ఉంగరంలో పొదిగి వేలికి పెట్టుకున్న తరువాత ఆ తేడాను బంధువులు కాదు, వర్తకుడే చెప్పలేడు. అయినా ధరలో తేడా మాత్రం ఉంటుంది. ఇది తెలిసి కొనేవారికి మా అభ్యంతరం లేదు. తెలియక, పక్కింటివారి పెళ్లిలో 'డి రంగు' పెట్టారన్న మాట విని, అప్పు చేసి కొనేవారి గురించే మా ఆవేదన.

కంటిని మార్చే సంగతులు

దుకాణంలో రాయిని చూసేటప్పుడు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. నీలి ఛాయ గల ప్రకాశవంతమైన దీపాల కింద లేత పసుపు కనిపించదు. వజ్రాలను చుట్టే కాగితం లోపలి పొరకు లేత నీలం ఉండడం చాలా కాలంగా ఉన్న అలవాటు. ఆ నీలం కూడా పసుపును అణచివేస్తుంది. కొన్ని వజ్రాలు అతినీలలోహిత కిరణాలు సోకితే నీలిగా మెరుస్తాయి. అలాంటి రాయి ఎండలో కొంచెం తెల్లగా, గదిలోని మామూలు దీపం కింద పసుపుగా తోచవచ్చు. ఈ లక్షణం ప్రయోగశాల పత్రంలో నమోదవుతుంది. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని వెలుగులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడడం మనం చేయగల సులభమైన పరీక్ష.

రాయి పెద్దదైతే రంగు ఎక్కువగా తెలుస్తుంది. గుండ్రంగా సానపట్టిన రాయి రంగును దాచినంతగా, మెట్లు మెట్లుగా చెక్కిన పొడవాటి రాయి దాచలేదు. పసుపు బంగారంలో పొదిగితే కె మెట్టు రాయి కూడా చక్కగా అమరుతుంది. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో పొదిగితే అదే రాయి పసుపు పైకి వస్తుంది. పసుపు బంగారపు ఉంగరం కోసం డి మెట్టు రాయికి అధిక ధర చెల్లిస్తే ఆ సొమ్ముకు తగిన ఫలితం కంటికి కనిపించదు.

మన హైదరాబాదు పెళ్లిళ్లలో కనిపించే జడావు నగలలోని పోల్కీ రాళ్ల సంగతి వేరు. వాటికి వెనుక మెరుగు రేకు వేసి, మూసి పొదుగుతారు. అక్కడ కనిపించే తెలుపులో రేకు పాలు కూడా ఉంటుంది. వాటిని డి, ఇ, ఎఫ్ అక్షరాలతో వర్ణించి అమ్మితే, ఆ అక్షరం ఎలా నిర్ణయించారని అడగడం మన హక్కు.

అక్షరం కూడా ఒక కొలతే

తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారిని ఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరించింది. తూనికరాళ్లు, కుంచాలు మాత్రమే కొలతలు అని మనం అనుకోరాదు. వజ్రపు అక్షరం కూడా కొలతే. 'జె' రాయిని 'జి' అని అమ్మడం తక్కెడను వంచడం వంటిదే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి ఉండడం గమనించి, ఆ తడి భాగాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మనకు తెలిసినదే. మోసగించినవాడు తమవాడు కాడని అప్పుడే ఆయన స్పష్టం చేశారు. వాన వల్ల ధాన్యం తడవడం వర్తకుని తప్పు కాదు. దాచడమే తప్పు. రాయిలో పసుపు ఉండడమూ అటువంటిదే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) వస్త్ర వర్తకులు. లోపం ఉన్న ఒక వస్త్రాన్ని చూపి, కొనేవారికి ఆ లోపం చెప్పి అమ్మమని ఆయన తన భాగస్వామికి చెప్పారు. భాగస్వామి మరచి అమ్మివేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేశారని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. నగల వ్యాపారంలో ఉన్న మన సోదరులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. కొనేవారికి కూడా షరీఅత్ రక్షణ కల్పించింది. దాచిన లోపం బయటపడినా, చెప్పిన గుణం వస్తువులో లేకపోయినా బేరాన్ని రద్దు చేసుకునే వీలును హనఫీ ధర్మవేత్తలు వివరంగా చర్చించారు. అయితే ఏమి చెప్పారో రుజువు ఉండాలి కదా!

బేరం మాటలు స్పష్టంగా లేకపోతే పాలకులకు సైతం చిక్కు తప్పలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఒక పెద్ద వజ్రం కోసం జేకబ్ అనే వర్తకునికి భారీ మొత్తం ముందుగా చెల్లించారు. తరువాత రాయి నచ్చలేదు. డబ్బు కేవలం నమ్మకంగా ఉంచినదా, కొనుగోలు ధరా అన్న వివాదం 1891లో కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. వర్తకుడు నిర్దోషిగా బయటపడ్డాడు. రాయి చివరకు నిజాం ఖజానాకే చేరింది. ఏడవ నిజాం దానిని బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా ఉంచే బరువుగా వాడారని ప్రసిద్ధి. అదే 184.75 క్యారెట్ల జేకబ్ వజ్రం. 1995లో నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం దానిని కొన్నది. రుణ వ్యవహారాలను రాసి ఉంచుకోమని రెండవ సూరా సుదీర్ఘంగా ఆదేశించిన వివేకం ఇటువంటి చోటనే అర్థమవుతుంది.

కొనే ముందు, రాసే ముందు

మొదటిది: బిల్లులో 'వజ్రపుటుంగరం' అని మాత్రమే రాయించుకోవద్దు. రాయి బరువు, రంగు అక్షరం, స్వచ్ఛత, సాన, ప్రయోగశాల పేరు, పత్రం సంఖ్య ఉండాలి. బంగారం బరువు విడిగా ఉండాలి. బంగారానికి చెప్పే క్యారెట్ స్వచ్ఛత అని, వజ్రానికి చెప్పే క్యారెట్ బరువు అని, ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములని మరువకూడదు.

రెండవది: హాల్‌మార్కు, దాని ఆరక్షరాల సంఖ్య బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. రాయి గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు.

మూడవది: రంగు అక్షరం రాయి పుట్టుకను చెప్పదు. ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా పూర్తిగా వర్ణరహితంగా ఉండగలదు. గోధుమ ఛాయ గల కొన్ని సహజ వజ్రాలను వేడిమి, ఒత్తిడి కింద ఉంచి తెల్లగా మార్చే పద్ధతీ ఉంది. కాబట్టి సహజమా, పెంచినదా, రంగు మార్చినదా అన్నవి విడిగా అడిగి రాయించుకోవాలి. పెంచిన వజ్రం కొనడం తప్పు కాదు. సహజమని చెప్పి అమ్మడం తప్పు.

నాలుగవది: 'ఈఎఫ్' అంటే ఒక మెట్టు కాదు, ఇ నుంచి ఎఫ్ వరకు ఎక్కడైనా అని అర్థం. చిన్న రాళ్లు చాలా ఉన్న నగలో ఒక్కొక్క రాయిని విడిగా పరీక్షించరు గనుక ఇలా చెప్పడం సహజమే. పొదిగిన రాయికి కచ్చితమైన మెట్టు నిర్ణయించడం కష్టం. మధ్యలో పెద్ద రాయి ఉంటే, పొదగక ముందే దానికి విడిగా పత్రం ఉన్నదేమో చూడాలి.

అయిదవది: మహర్‌లో రాసేటప్పుడు ఉంగరం మహర్‌లో భాగమా, లేక వరుని తరఫు కానుకా అన్నది ముందే తేల్చుకోవాలి. మహర్ అయితే పై వివరాలన్నీ పత్రంలో చేర్చాలి. అంత ఓపిక లేకపోతే మహర్‌ను నగదుగానో బంగారంగానో రాసి, ఉంగరాన్ని కానుకగా ఇవ్వడం ఉత్తమం. వజ్రాన్ని తిరిగి అమ్మబోతే కొన్న ధర సాధారణంగా రాదని కూడా వధువు తల్లిదండ్రులు గమనించాలి.

ఆరవది జకాత్. సొంతంగా ధరించే వజ్రాల మీద జకాత్ లేదన్నది ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్నవైతే వ్యాపార సరుకుగా లెక్కించి, నాటి విలువ మీద రెండున్నర శాతం చెల్లించాలి. అవి పొదిగిన బంగారానికి మాత్రం హనఫీ మార్గం ప్రకారం, నిసాబ్ చేరితే జకాత్ ఉంది. బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. బంగారం బరువు విడిగా రాయించుకోమన్నది ఇందుకు కూడా. మీ ఇంటి పరిస్థితిని బట్టి స్థానిక ముఫ్తీని సంప్రదించండి.

మహర్ ఎంత సులభంగా ఉంటే అంత శుభమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. జి, హెచ్ మెట్ల రాయితో ఒక కుటుంబం అప్పు లేకుండా పెళ్లి చేయగలిగితే, డి మెట్టు కోసం పంతం పట్టడం ఎవరికి లాభం? రాయి పక్కన ప్రమాణ రాళ్లు పెట్టి చూసే పని ప్రయోగశాలది. పెళ్లికూతురి ఉంగరం పక్కన మరొకరి ఉంగరం పెట్టి చూసే పని బంధువులది కాదు. అప్పు పత్రం మీద అంకె మాత్రం ఆ ఇంట అందరికీ స్పష్టంగా కనిపిస్తుంది.

వచ్చే నెల ముత్యాల గురించి చెప్పుకుందాము, ఇన్‌షా అల్లాహ్.